అతిగా మెరిసిన డ్యాష్‌బోర్డు: ఒక కారు ప్లాస్టిక్‌ల కేస్ స్టడీ

విజయవాడలో కార్ డిటైలింగ్, అంటే కార్లను లోపలా బయటా క్షుణ్ణంగా శుభ్రం చేసి పూతలు వేసే పని చేస్తుంటాను. డ్యాష్‌బోర్డుకి ఏ పాలిష్ మంచిదని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. సీసా పేరు చెప్పి పంపించేయడం తేలికే. ఈ కేసులో మాత్రం కొత్తగా ఏం వేయాలన్నది చివరికి చాలా చిన్న నిర్ణయమైపోయింది. అప్పటికే వేసి ఉన్నదాన్ని వదిలించడం, ఎక్కడ ఏమీ వేయకూడదో తేల్చడం, ఇవే అసలు పనులయ్యాయి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లకు, సొంత కారును తామే చూసుకునేవాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను. యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నా, ఆయన పేరు, పనిచేసే చోటు, కారు కంపెనీ ఇక్కడ ఉండవు. కాలేజీలో సైన్సు పాఠాలు చెబుతారు కాబట్టి మాస్టారు అంటాను.

నేపథ్యం

కారు ఏడెనిమిదేళ్ల కాంపాక్ట్ ఎస్‌యూవీ. డ్యాష్‌బోర్డు పైభాగం నలుపు, కింద భాగం, డోర్ ప్యాడ్లు బీజ్ రంగు. బయట చక్రాల చుట్టూ, బంపర్ల కింద, డోర్ల అడుగున పెయింట్ వేయని నల్ల ప్లాస్టిక్ క్లాడింగ్. సీట్లకు కారు కొన్నప్పుడే వేయించిన రెగ్జిన్ కవర్లు.

కాలేజీలో షెడ్డు లేదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా కారు మైదానంలో ఎండలోనే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. కారు లోపల సంగతి చెప్పాలంటే అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన కొలతలు గుర్తు చేసుకుంటాను. అక్కడి వేసవిలో ఒక గంట ఎండలో నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు, స్టీరింగ్ 53కు, సీట్లు 51కి చేరాయి. నీడలో పెట్టినవాటిలో డ్యాష్‌బోర్డు 48 దగ్గరే ఆగింది. మన మే నెల ఎండ ఆ ఎండకు తీసిపోదు, పైగా ఇక్కడ కారు నిలబడేది గంట కాదు, రోజంతా.

దీనికి తోడు వారం వారం వాటర్ సర్వీసింగ్. కడిగే కుర్రాళ్లు చివర్లో పాలలా తెల్లగా ఉండే ద్రవాన్ని స్ప్రే బాటిల్‌తో లోపలంతా కొట్టి గుడ్డతో ఒక రుద్దు రుద్దుతారు. అది పెద్ద క్యాన్లలో దొరికే సిలికాన్ ఎమల్షన్. అంటే నీళ్లలో కలిపిన సిలికాన్ నూనె. నీళ్లు ఆరిపోతాయి, నూనె మిగిలిపోతుంది. వచ్చే వారం దాని మీద ఇంకో పొర. ఊరగాయ జాడీలో పైకి తేలే నూనె తెట్టులా, ఎన్నేళ్లుగానో డ్యాష్‌బోర్డు మీద అది నిలిచే ఉంది. ఇది చాలదన్నట్టు మాస్టారి అబ్బాయి అమెరికా నుంచి వస్తూ ఒక మెరుపు ప్రొటెక్టెంట్ (ప్లాస్టిక్‌కు రక్షణగా రాసే పూత) సీసా తెచ్చిపెట్టాడు. ఆదివారాల్లో మాస్టారు స్వయంగా అదీ రాసేవారు.

వచ్చిన సమస్య

ఆయన్ని నా దగ్గరికి పంపింది ఒక పెయింటర్. వెనక బంపరు గీసుకుపోతే పెయింట్‌కి ఇచ్చారు. ఎన్నిసార్లు కొట్టినా క్లాడింగ్ అంచు వెంబడి పెయింట్ ముడుచుకుని చిన్న చిన్న గుంటలు పడుతోంది. పెయింటర్లు దీన్ని ఫిష్ ఐ అంటారు. సిలికాన్ నూనె ఉన్న చోట పెయింట్ పరుచుకోదు, పక్కకు తప్పుకుంటుంది. "దీని ఒంటినిండా సిలికానే ఉంది, ముందు అది తీయించుకురండి" అని పెయింటర్ చేతులెత్తేశాడు.

కారు చూస్తూ మాస్టారు ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. మధ్యాహ్నం నడుపుతుంటే డ్యాష్‌బోర్డు ప్రతిబింబం ముందు అద్దంలో పడి రోడ్డు సరిగ్గా కనపడదు. రాత్రి ఎదురు లైట్లకు అద్దమంతా పొగ పట్టినట్టు ఉంటుంది. లోపల దుమ్ము తుడిచిన గంటకే మళ్లీ పేరుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ నిలవడం లేదు, డబుల్ సైడ్ టేపు ఎంత మందంది వేసినా ఊడి పడుతోంది. బయట క్లాడింగ్ తెల్లబారింది. వాన పడితే డోర్ల మీద నల్లటి చారికలు. డ్రైవర్ డోర్‌లో కిటికీ స్విచ్‌ల ప్యానెల్ వేలికి అంటుకుంటోంది.

"ఇదంతా ఎండే కదా బాబూ. మంచి యూవీ ప్రొటెక్టెంట్ ఏదైనా ఉంటే వేసెయ్యి, ఖర్చుకి చూడకు" అన్నారు.

అంతా ఎండే కాదు. ఆ చిట్టాలో ఎండ వల్ల వచ్చింది నిజానికి ఒక్కటే, క్లాడింగ్ తెల్లబారడం. స్విచ్‌ల ప్యానెల్ జిగురుకు వేడి కొంత, గాలిలో చెమ్మ కొంత కారణం. మిగతావి చాలావరకు పూసిన పూతల పుణ్యమే. అయితే ఆ మాట పైకి అనేముందు నాకు రుజువు కావాలి. మాస్టారు రుజువు అడిగే మనిషి కూడా.

ఏది దేనివల్ల అని తేల్చుకోవడం

మొదట డ్రైవర్ డోర్ తెరిచి డ్యాష్‌బోర్డు పక్క అంచు చూపించాను. డోర్ వేస్తే మూతపడిపోయే ఆ చిన్న ముక్కకు ఎండ తగలదు, పాలిష్ గుడ్డా తగలదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ప్లాస్టిక్ ఎలా ఉండేదో అక్కడ తెలుస్తుంది. అది పూర్తి మ్యాట్, మెరుపు అన్నదే లేదు. పైభాగం మాత్రం తడిసిన రోడ్డులా నిగనిగలాడుతోంది. కంపెనీ డ్యాష్‌బోర్డు పైభాగాన్ని నల్లగా, గరుకుగా చేసేదే అద్దంలో ప్రతిబింబం పడకూడదని. మనం డబ్బులిచ్చి మరీ దాన్ని చెడగొట్టుకుంటాం.

తర్వాత నీటి చుక్క పరీక్ష. పక్క అంచు మీద చుక్క వేస్తే కాస్త పరుచుకుంది. పైభాగం మీద గుండ్రంగా నిలబడి, గట్టిగా ఊదితే జారిపోయింది. టిష్యూ కాగితం నొక్కి తీస్తే నూనె మరక. దుమ్ము ఎందుకు ఆగుతోందో, టేపు ఎందుకు ఆగడం లేదో ఆ కాగితమే చెప్పింది.

ఇక యూవీ, అంటే అతినీల లోహిత కిరణాల విషయం. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య పాలీవినైల్ బ్యూటిరాల్ అనే పొర పెట్టి అతికించినది. ఆ పొర ఈ కిరణాల్లో దాదాపు అన్నింటినీ ఆపేస్తుంది. పక్క అద్దాలు ఒంటి గాజు. అవి యూవీలో యూవీ-బీ అనే రకాన్ని బాగానే ఆపినా యూవీ-ఏ అనే రకంలో చెప్పుకోదగ్గ భాగాన్ని లోపలికి వదిలేస్తాయి. కాబట్టి డ్యాష్‌బోర్డు పైభాగానికి అసలు శత్రువు వేడి. యూవీ బెడద డోర్ ప్యాడ్ల పై అంచులకు ఎక్కువ, బయటి క్లాడింగ్‌కు అన్నింటికన్నా ఎక్కువ. సీసా మీద యూవీ అని రాసి ఉన్నంత మాత్రాన డ్యాష్‌బోర్డు వేడి ఒక్క డిగ్రీ కూడా తగ్గదు.

"మరి ప్లాస్టిక్ ఎండిపోకుండా దానికి నూనె అందించాలంటారు కదా?" అని మాస్టారు అడిగారు. చాలామందికి ఉన్న నమ్మకమే ఇది. పీవీసీ తొడుగు ఉన్న మెత్తటి డ్యాష్‌బోర్డుల్లో ప్లాస్టిసైజర్ అని, ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఆవిరైపోయి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. అలా పోయినదాన్ని పైన రాసే ఏ పూతా వెనక్కి తేలేదు. పైగా ఈ కారు డ్యాష్‌బోర్డు పీవీసీ కాదు, గోరుతో తడితే టకటకమనే గట్టి పాలీప్రొపిలీన్. అందులో ఎండిపోవడానికి అలాంటి నూనే లేదు. ముందు అద్దం లోపలి మసకకు ప్లాస్టిక్ ఆవిర్లు కొంత కారణమే, ఇక్కడ అవి రెగ్జిన్ సీటు కవర్ల నుంచి వచ్చి ఉండాలి. మిగతాది పాలిష్ స్ప్రే తుంపర, వేడికి పైకి లేచిన దాని ఆవిరి. డ్యాష్‌బోర్డు మీద స్ప్రే కొడితే అద్దం మీద పడకుండా కొట్టడం ఎవరివల్లా కాదు.

బయట క్లాడింగ్‌కు వేరే పరీక్ష. తెల్లబారిన చోట నీళ్లు చల్లి చూశాను. తడిసినంతసేపూ నల్లగా కనిపించింది, ఆరగానే మళ్లీ బూడిద రంగు. ఇది మంచి కబురు. నల్ల క్లాడింగ్‌కు రంగిచ్చేది కార్బన్ బ్లాక్, ఎండకు అది అంత తేలిగ్గా పోదు. పాడయ్యేది పైపైన ఉన్న ప్లాస్టిక్. అది సన్నసన్నగా చిట్లి, వెలుతురును చెల్లాచెదురు చేసి తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు ఆ చీలికల్ని నింపితే నలుపు తిరిగొస్తోందంటే, ఆరినా అక్కడే నిలిచి ఉండే పూత దొరికితే చాలు. తడిపినా బూడిదగానే ఉంటే అప్పుడు రంగు వేసే రకం గురించి ఆలోచించాలి. క్లాడింగ్ కింది అంచుల్లో మరకలు మాత్రం వేరే రకం, బోరు నీళ్ల ఉప్పు. వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిస్తే పోయాయి. ఈ రెండు తెలుపుల్నీ ఒకటే అనుకుని పూత వేస్తే ఉప్పు మరక పూత కింద ఉండిపోతుంది.

అంతకు ముందు చేసిన ప్రయత్నాలు

మాస్టారు ఊరికే కూర్చోలేదు. క్లాడింగ్‌కు కొబ్బరినూనె రాసి చూశారు. రెండు మూడు రోజులు నల్లగా ఉండి, రోడ్డు దుమ్మంతా పట్టుకుని, ఇంకాస్త అసహ్యంగా తయారైంది. తర్వాత సర్వీసింగ్ సెంటర్ వాళ్లు టైర్లకు రాసే జిడ్డు పాలిష్‌నే క్లాడింగ్‌కూ రాశారు. వానకు డోర్ల మీద కారిన చారికలు దానివే. ఇంకెవరో హీట్ గన్ పెడితే నలుపు వస్తుందని చెప్పి ముందు బంపరు కింది పెదవి మీద ప్రయోగం చేశారు. వేడికి పైపొర కరిగి నల్లబడిన మాట నిజమే. కొన్నాళ్లకు మళ్లీ తెల్లబారింది, గన్ కాస్త ఎక్కువసేపు ఆగిన చోట్ల గరుకు చెరిగిపోయి నున్నటి మచ్చలు మిగిలాయి.

అద్దంలో ప్రతిబింబానికి పోలరైజ్డ్ కళ్లజోడు కొన్నారు. సైన్సు మాస్టారు కదా, ఆ ఆలోచన సరైనదే, పగలు కొంత పనిచేసింది కూడా. రాత్రి మసకకు మాత్రం అది మందు కాదు.

మొదటి నిర్ణయం: ఏమీ వేయకముందు అంతా తీసేయడం

పాత పూత మీద కొత్త పూత వేయకూడదని ఎందుకు పట్టుబట్టానంటే, మంచి పూత ఏదైనా ప్లాస్టిక్‌ను పట్టుకుని ఉండాలి. కింద నూనె ఉంటే అది నూనెనే పట్టుకుంటుంది. నూనె కదిలితే అదీ కదులుతుంది. అప్పుడు తప్పు సీసా మీదికి పోతుంది.

లోపల ఆల్ పర్పస్ క్లీనర్‌ను ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి వాడాం. స్ప్రే నేరుగా కొట్టలేదు. స్విచ్‌ల సందుల్లోకి, ఎయిర్‌బ్యాగ్ మూత గీతలోకి నీళ్లు పోకూడదు కాబట్టి బ్రష్ మీద కొట్టి, నురుగుతో రుద్ది, మైక్రోఫైబర్ గుడ్డతో తీశాం. గుడ్డలు టీ రంగులో వచ్చాయి. నీటి చుక్క పక్క అంచు మీద ఎలా పరుచుకుందో పైభాగం మీదా అలా పరుచుకునే దాకా మళ్లీ మళ్లీ అదే పని. ఎప్పుడు ఆపాలన్నదానికి నాకున్న కొలత ఆ చుక్కే. కంటికి శుభ్రంగా కనిపించడం కొలత కాదు, మ్యాట్ ప్లాస్టిక్ తడిగా ఉన్నప్పుడు ఎలాగూ బాగానే కనిపిస్తుంది.

మొండి చోట్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమంగా కలిపి వాడాం. ఇక్కడ రెండు హద్దులు పెట్టుకున్నాను. స్పీడోమీటర్ ముందుండే పారదర్శక ప్లాస్టిక్‌కు ఆల్కహాల్ తగలనివ్వలేదు, అది యాక్రిలిక్ అయితే సన్నటి పగుళ్లు వస్తాయి. టచ్ స్క్రీన్ దగ్గరికీ తీసుకుపోలేదు, దానికి తడి గుడ్డ చాలు. బీజ్ డోర్ ప్యాడ్ మీద వాహన పూజ నాటి పసుపు మరక ఒకటి ఉంటే మాస్టారు అది కూడా రుద్దమన్నారు. వద్దన్నాను. పసుపు రంగు ఎండకు తనంతట తాను వెలిసిపోతుంది, ఎండ చేసే మంచి పని అదొక్కటే.

ముందు అద్దం లోపలి వైపు అనుకున్నదానికంటే మొండికేసింది. అమోనియా లేని గ్లాస్ క్లీనర్‌తో ఒకసారి తుడిస్తే మసక చోటు మారిందే తప్ప పోలేదు. ఆల్కహాల్ నీళ్లతో జిడ్డు తీసి, ప్రతిసారీ గుడ్డ తిప్పి శుభ్రమైన వైపుతో తుడిచి, ఆఖరున బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన గుడ్డ వాడితేగానీ తేటపడలేదు. బోరు నీళ్లతో ఆఖరు తుడుపు తుడిస్తే ఉప్పు గీతలు పడతాయి.

క్లాడింగ్‌కు ఇదే క్లీనర్ ఇంకాస్త గాఢంగా, నైలాన్ బ్రష్‌తో, ఆ తర్వాత ఆల్కహాల్. బంపరు అంచులో పెయింటర్ అడిగిన భాగాన్ని విడిగా మైనం, గ్రీజు తీసే సాల్వెంట్‌తో గుడ్డ మార్చుకుంటూ తుడిచాం. ఒకే గుడ్డతో రుద్దితే సిలికాన్ పోదు, ఇక్కడి నుంచి అక్కడికి చేరుతుందంతే. బంపరు పెయింటింగ్ పూర్తయి వచ్చాకే బయటి పూత పని మొదలుపెట్టాం. ఈ వరస ముఖ్యం. ముందు పూత వేసి తర్వాత పెయింట్‌కి పంపితే పెయింటర్ మళ్లీ మొదటి నుంచి ఏడవాలి.

డ్యాష్‌బోర్డుకి ఏది

శుభ్రం చేశాక డ్యాష్‌బోర్డు ఎంత బాగుందంటే, అసలు ఏమీ వేయకుండా వదిలేద్దామా అనిపించింది. అది నిజంగా ఒక మంచి ఎంపిక. పాలీప్రొపిలీన్‌కు పూత తప్పనిసరి కాదు. మాస్టారికి కూడా అదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "ఏదో ఒకటి వేయకపోతే మా ఇంట్లోవాళ్లు ఊరుకోరు, నువ్వు డబ్బులు ఊరికే తీసుకున్నావంటారు" అని నవ్వారు. సరే, మాటలెందుకు, చూద్దాం అనుకుని మాస్కింగ్ టేపుతో పైభాగాన్ని మూడు భాగాలు చేశాం. ఒకటి ఖాళీగా. ఒకదానికి కొద్దిపాటి మెరుపునిచ్చే శాటిన్ రకం. ఒకదానికి జిడ్డు మిగల్చని, నీళ్ల ఆధారిత పూర్తి మ్యాట్ రకం. కారు మామూలుగా కాలేజీకి వెళ్లి మైదానంలో నిలబడింది.

వారం తర్వాత మధ్యాహ్నం డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తే శాటిన్ భాగం అద్దంలో ఒక లేత పట్టీలా కనపడింది. షోరూంలో ఆ మెరుపు ఎవరికైనా నచ్చుతుంది, ఎండకు ఎదురుగా నడిపేటప్పుడు మాత్రం అది చిరాకు. ఖాళీ భాగం చూపుకు అన్నింటికన్నా హాయిగా ఉంది, కాకపోతే చెయ్యి తగిలిన చోటల్లా బూడిద గీతలు తేలుతున్నాయి. మ్యాట్ రకంలో ప్రతిబింబం ఖాళీ భాగంతో దాదాపు సమానం, గీతలు తక్కువ, దుమ్ము పొడి గుడ్డకే వచ్చేస్తోంది. టిష్యూ నొక్కితే మరక లేదు. అదే ఖాయం చేశాం.

సీసా కొనేవాళ్లకు నేను చెప్పే గుర్తు ఇదే. రాసిన గంట తర్వాత టిష్యూ నొక్కి చూడండి, మరక వస్తే అది డ్యాష్‌బోర్డుది కాదు. పాలలా తెల్లగా ఉండే ప్రతిదీ చెడ్డదని కూడా కాదు. మంచి మ్యాట్ రకాలూ అలాగే ఉంటాయి, రంగు చూసి తీర్పు చెప్పలేం.

రాయడంలో కూడా పొదుపే. అప్లికేటర్ స్పాంజి మీద రెండు చుక్కలు, పలచగా పరిచి, ఒకట్రెండు నిమిషాలాగి, పొడి గుడ్డతో మిగులు మొత్తం తీసేయడం. ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ మూత గీత మీదుగా స్పాంజి పోనివ్వలేదు. డోర్ ప్యాడ్ల పై అంచులకు యూవీ రక్షణ ఉన్నది వాడాం, అక్కడ ఆ మాటకు అర్థముంది కాబట్టి.

స్టీరింగ్, గేర్ నాబ్, పెడల్స్, హ్యాండ్ బ్రేక్: వీటికి ఏదీ వేయలేదు, ఎప్పుడూ వేయను. స్టీరింగ్ నల్లగా మెరుస్తుంటే అది కొత్తదనం కాదు, చేతి చెమట, జిడ్డు. కడిగాక మ్యాట్‌గా మారితే శుభ్రపడినట్టు. సీట్లకు లెదర్ కండిషనర్ వేయమని మాస్టారు అడిగారు. రెగ్జిన్ అంటే గుడ్డ మీద పీవీసీ పూత. కండిషనర్ అందులోకి ఇంకదు, పైనే ఉండి ప్యాంటుకు అంటుతుంది. తడి గుడ్డతో ఆపేశాం.

బయటి క్లాడింగ్‌కు ఏది

ఇక్కడ ఖాళీగా వదిలేసే వీలు లేదు. పైపొర చిట్లిపోయింది, యూవీ రోజూ నేరుగా తగులుతోంది. వెనక బంపరు కింద, అంతగా కనపడని చోట టేపు వేసి మూడు రకాలు ప్రయత్నించాం. పైపైన రాసే నీళ్ల ఆధారిత డ్రెస్సింగ్, రంగునిచ్చే రెస్టోరర్, ప్లాస్టిక్ మీద గట్టి పొరగా బిగుసుకునే సిరామిక్ ట్రిమ్ కోటింగ్.

డ్రెస్సింగ్ మొదటి రోజు అన్నింటికన్నా అందంగా ఉంది. తొలకరి జల్లులు పడి, నాలుగు సార్లు కడిగాక వెలిసిపోయింది. వారానికొకసారి తానే రాసుకునే ఓపిక ఉన్నవాళ్లకు అది చాలు, మాస్టారికి ఆ తీరిక లేదు. రెస్టోరర్ నలుపు గాఢంగా ఇచ్చింది. కానీ ఇక్కడ ప్లాస్టిక్‌లో నలుపు ఉండనే ఉందని నీళ్లు చల్లినప్పుడే తేలింది. అనవసరంగా రంగు వేస్తే రాయి తగిలి గీసుకుపోయిన చోట కింద బూడిద రంగు బయటపడుతుంది, పక్క భాగాలతో రంగు కలవదు. సిరామిక్ రకం మొదట అంత నల్లగా లేదు, వానల్లో మాత్రం మారలేదు.

సిరామిక్ ఎంచుకునే ముందు దాని ఇబ్బందులు కూడా మాస్టారి ముందు పెట్టాను. కింద ఏముంటే దాన్ని అలాగే బిగించేస్తుంది. మరక ఉంటే మరకతో సహా. ఎక్కువ తక్కువలుగా ఆరిపోతే సవరించడం కష్టం. ఖరీదు ఎక్కువ. శాశ్వతం అని ఎవరైనా అంటే నమ్మొద్దు, ఏడాది పైచిలుకు బాగుంటే మంచిదే. ఆయనకు ఈ లెక్క నచ్చింది.

ఇది గాలిలో తేమతో గట్టిపడే రకం. మన కోస్తా గాలికి సీసా మీద రాసిన సమయం కంటే ముందే బిగుసుకుంటుంది. అందుకే జానెడు జానెడుగా రాసి, వెంటనే మైక్రోఫైబర్‌తో సమం చేసుకుంటూ పోయాం. ప్లాస్టిక్ చల్లగా ఉండాలని పొద్దున్నే, నీడలో మొదలుపెట్టాం. చేతులకు నైట్రైల్ గ్లవ్స్, షట్టర్ పూర్తిగా ఎత్తి గాలి ఆడనివ్వడం. మర్నాటి దాకా తడి తగలనివ్వలేదు.

జిగురు ప్యానెల్

కిటికీ స్విచ్‌ల ప్యానెల్ మీద ఉన్నది మురికి అనుకుని సర్వీసింగ్ కుర్రాళ్లు దాని మీదా పాలిష్ కొట్టేవారు. అది మురికి కాదు. గట్టి ప్లాస్టిక్ మీద చేతికి మెత్తగా తగలడానికి ఫ్యాక్టరీలో కొట్టే సాఫ్ట్ టచ్ పూత. వేడి, గాలిలో చెమ్మ కలిసి ఏళ్ల తరబడి పనిచేస్తే ఆ పూతలోని పాలీయురేథేన్ అనే పదార్థం విడిపోయి జిగురవుతుంది. విడిపోయినదాన్ని కాపాడే ప్రొటెక్టెంట్ లేదు. ఉన్న దారులు రెండు: పూత మొత్తం తీసేసి కింది గట్టి ప్లాస్టిక్‌తో సరిపెట్టుకోవడం, లేదా ప్యానెల్ మార్చడం. ప్యానెల్ విప్పి, స్విచ్‌లు వేరుచేసి, ఆల్కహాల్‌తో పూత గీకేశాం. కింద నున్నటి నల్ల ప్లాస్టిక్ వచ్చింది. మునుపటి మెత్తదనం లేదు, వేలికి అంటుకోవడమూ లేదు.

నీడ

సన్ ఫిల్మ్ సంగతి మాస్టారే ఎత్తారు. 2012లో సుప్రీంకోర్టు కారు అద్దాలకు ఫిల్ములు అతికించడాన్ని నిషేధించింది. మోటారు వాహనాల నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల నుంచి 70 శాతం, పక్క అద్దాల నుంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. తర్వాత నిబంధనలు మారాయని వాదించేవాళ్లున్నారు. రోడ్డు మీద కారు ఆపిన పోలీసుతో ఆ వాదన పెట్టుకునే ఓపిక ఆయనకు లేదు, నాకూ లేదు.

ముందు అద్దానికి లోపల నుంచి అడ్డం పెట్టే వెండిరంగు షేడ్ కొనమన్నాను. ఏ మంచి సీసా కంటే కూడా చవక. పూతలు చేయలేని పని, అంటే డ్యాష్‌బోర్డు వేడి తగ్గించడం, అది చేస్తుంది. కారు ముఖం ఉత్తరానికి పెట్టి నిలిపితే చాలదా అని అడిగి, తన ప్రశ్నకు తానే జవాబు చెప్పారు మాస్టారు. విజయవాడ అక్షాంశానికి మే మొదటి వారం దాటాక మధ్యాహ్న సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, ఆగస్టు మొదటి వారం దాకా అంతే. అంటే అసలు ఎండల్లో ఉత్తర ముఖం వల్ల లాభం లేదు. ఇది నాకు కొత్త. అప్పటి నుంచి వచ్చినవాళ్లకు దిక్కు గురించి చెప్పడం మానేసి షేడ్ గురించే చెబుతున్నాను.

తర్వాత

వర్షాకాలం గడిచాక కారు మళ్లీ చూశాను. క్లాడింగ్ మీద నీళ్లు ఇంకా పూసల్లా నిలుస్తున్నాయి, డోర్ల మీద చారికలు లేవు. రాత్రి అద్దం తేటగా ఉంది. స్వామి బొమ్మ మామూలు టేపుతోనే నిలిచింది. డ్యాష్‌బోర్డు ఎడమ వైపు మాత్రం కొంచెం మెరుపు కనపడింది. అడిగితే, సర్వీసింగ్ సెంటర్లో కొత్త కుర్రాడు అలవాటు ప్రకారం ఒక స్ప్రే కొట్టాడట. మాస్టారు వెంటనే ఆపారు గానీ ఆ ఒక్క స్ప్రే తీయడానికి మళ్లీ క్లీనరు, బ్రష్షూ కావాల్సొచ్చాయి. అందుకే ఇప్పుడు పని పూర్తయిన ప్రతి కారుకీ ఒక చీటీ ఇస్తున్నాను. "లోపల పాలిష్ వేయవద్దు" అని పెద్ద అక్షరాలతో. కడగడానికి ఇచ్చేటప్పుడు దాన్ని స్టీరింగ్ మీద పెట్టమంటాను.

కొత్త కారు నా దగ్గరికొచ్చినప్పుడు నేనడిగే మొదటి ప్రశ్న కూడా మారింది. ఏం వేయించుకుంటారు అని కాదు, ఇప్పటిదాకా ఏమేం వేశారు అని. కొబ్బరినూనె సంగతి చెప్పడానికి మొహమాటపడతారు, కాస్త ఓపిగ్గా అడగాలి. ఆ పెయింటరూ నేనూ ఒక ఒప్పందానికొచ్చాం. క్లాడింగ్ ఉన్న బంపరు ఏదొచ్చినా ముందు నా దగ్గర సిలికాన్ తీయించి, తర్వాత అతని దగ్గరికి, పూత మళ్లీ నా దగ్గర.

అబ్బాయి తెచ్చిన సీసా సగం మిగిలింది. పారేయాల్సిన పని లేదు. చక్రాల పైన లోపలి వైపుండే ప్లాస్టిక్ లైనర్లకు రాసుకోమన్నాను, అక్కడ మెరుపు ఎవరి కంటికీ అడ్డం రాదు. పెయింట్ పనేదైనా ఉంటే మాత్రం ముందుగా చెప్పమన్నాను.

సరికానిది ఒకటి మిగిలింది. ముందు బంపరు కింది పెదవి మీద హీట్ గన్ మచ్చలు. సిరామిక్ పూత వేశాక నలుపు సమంగానే వచ్చింది, కానీ గరుకు పోయిన చోట్లు పక్క వెలుతురుకు ఇంకా నున్నగా తెలుస్తాయి. గరుకును ఏ సీసా తిరిగి తేలేదు. ఆ ముక్క ఒక్కటీ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, బిగించడానికి పూట పని. మాస్టారు ఇంకా కొనలేదు.